రాతిదూది

లోపలి గదిలో విల్లు మోగుతోంది. మా అన్న మౌలాలి పొద్దున్నుంచీ ఏకుతూనే ఉన్నాడు, నా కూతురు జైనాబుకు పుట్టబోయే బిడ్డ ఉయ్యాలలోకి పరుపు కావాలట, నేను పడసాలలో మంచం మీద వెల్లకిలా పడుకుని మిద్దె దూలాలు చూస్తూ ఓబుల్‌రెడ్డి కారు కోసం ఎదురుచూస్తున్నాను. గంటలో వస్తుందన్నారు. వస్తే కడపకు పోవాలి, కడపలో సాయంత్రం సభ, సభలో నేను ఒక్క వాక్యం చెప్పాలి, చెబితే ఓబుల్‌రెడ్డి డబ్బుతో ఈ ఎండిన సీమకు విశ్వవిద్యాలయం వస్తుంది, చెప్పకపోతే రాదు, లెక్క అంత తేలిక. వాక్యం కూడా చిన్నదే. రాతినార దుమ్ము వల్ల మనిషికి ఏ హానీ లేదు. స్నాతకోత్సవాల్లో ఇంతకంటే పొడుగు అబద్ధాలు ఎన్ని చెప్పలేదు నేను, దేశ భవిష్యత్తు మీ చేతుల్లో ఉంది నాయనలారా అని ఉద్యోగం దొరకని కుర్రాళ్ళ మొహాన చెప్పి దిగి వచ్చి హాయిగా టీ తాగలేదూ, ఒక్కటీ గొంతుకు అడ్డం పడలేదు. ఇది మాత్రం నిన్నటి నుంచి చేపముల్లులాగా అక్కడే కూర్చుంది. మింగుడు పడదు, బయటికి రాదు. నీళ్ళు తాగుదామంటే వదిన కూజా ఎక్కడ పెట్టిందో తెలియదు, పిలిస్తే అన్న వింటాడు, వింటే విల్లు ఆపి బయటికి వస్తాడు, వస్తే మాట్లాడాలి. పడుకోవడమే మేలు.

ఓబుల్‌రెడ్డి నిన్న గని దగ్గర వేపచెట్టు నీడలో కుర్చీ వేయించి, తాను నిలబడే, చేతులు వెనక్కి కట్టుకుని అడిగాడు. దూదేకులోడి కొడుకు కూర్చుంటే గని యజమాని నిలబడ్డాడు, చదువంటే అదీ అని లోలోపల మురిసిపోయాను కూడా, యాభై దాటినా ఈ బుద్ధి పోలేదు. "శానా పెద్ద మాటేం కాదు సాహెబూ," అన్నాడు. "ఈ దుమ్ముతో ఏమీ కాదని సభలో ఒక్కతూరి చెప్పండి సాలు. మీరు చెప్తే కూలోల్లు నమ్ముతారు. ఆ లేవి పోయినప్పటినుంచి సగంమంది గనిలో దిగేది ల్యా." లేవి ఎవరో నాకు తెలుసు, నేను భూగర్భ సర్వేలో గుడారం వేసిన రోజుల్లో సమ్మెట పట్టుకుని నా వెంట తిరిగినవాడు, గుట్ట ఎక్కుతూ పాడేవాడు, ఊపిరి తీసుకోవడానికి ఆగకుండా పాడేవాడు. పోయే ముందు వాకిలి దాటి నాలుగడుగులు వేయలేకపోయాడట. "లేవికి క్షయ అని ఆస్పత్రిలో చెప్పినారు కదా," అన్నాను నేను. "అదే సాహెబూ, అదే మీరు చెప్పల్ల," అన్నాడు ఓబుల్‌రెడ్డి, ఎంత మర్యాదగా అన్నాడంటే ఆ మాట నేనే ఇచ్చానని ఇంటికొచ్చాక గాని తట్టలేదు.

విల్లు ఆగింది. దగ్గుతున్నాడు. మళ్ళీ మోగింది. ఈ చప్పుడు వింటూనే నేను పుట్టి ఉంటాను, మా అమ్మ బీబమ్మ నాకు జోల పాడిందో లేదో గుర్తు లేదు గాని నాయన విల్లు మాత్రం గుర్తుంది, నరం తీగ మీద కొయ్యగుండు దెబ్బ, టుంయ్ టుంయ్ మని ఆ మోత ఇల్లంతా పాకేది, ముద్దగా ఉన్న పత్తి విడివిడిగా లేచి గాల్లో తిరిగి మెల్లగా దిగేది. ఏది ఏకుతున్నారో పడసాలలో కూర్చునే చెప్పేవాణ్ణి నేను, తడి తగిలిన పత్తికి మోత లావుగా ఉంటుంది, పాత పరుపు విప్పిన దూదికి బొంగురుగా, బూరుగుదూదికి అసలు చప్పుడే ఉండదు. తలుపులు మూసుకునే ఏకాలి, గాలి వస్తే దూది చేతికి దొరకదు. ఆ చీకటి గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు గడప మీద నిలబడి తల దగ్గర్నుంచి కాళ్ళ దాకా దులుపుకోవాలి, మా దూదేకుల ఇళ్ళలో నమాజు మరిచినా ఊరుకుంటారు గాని ఇది మరిస్తే ఊరుకోరు, సంగట్లో దూది పడితే ఎవరు తింటారు. గడప దగ్గర దులుపుకోని రండ్రా అని అమ్మ పొయ్యి ముందు నుంచే కేకేసేది. నేను ఆ అలవాటును మద్రాసుకు తీసుకుపోయాను, లండన్‌కు తీసుకుపోయాను, ఉపకులపతి గదిలోంచి బయటికి వస్తూ కూడా కోటు దులుపుకుంటాను, మా రిజిస్ట్రారు దాన్ని దర్పం అనుకుంటాడు. జైనాబుకు అడుగులు వచ్చినప్పుడే నేర్పాను. పెద్ద బంగళాలో పుట్టిన పిల్ల, దూది ఎలా ఉంటుందో తెలియని పిల్ల, ప్రతి గడప దగ్గరా ఆగి చిన్న చేతులతో గౌను దులుపుకుంటుంటే వాళ్ళమ్మ నవ్వేది. వాళ్ళమ్మ ఉంటే ఈ పురుడు ఎక్కడ పోయాలో ఆమే చూసుకునేది.

ఇవాళ మోత ఏదోలా ఉంది. పొట్టిగా, పొడిగా. తీగ పాతదై ఉంటుంది, అన్న కూడా పాతబడ్డాడు.

రాతినార అనే మాట నేను పుస్తకంలో చదివింది కాదు. ఊరి బయట దర్గాలో ఒక దీపం ఉండేది, దానికి కాలని ఒత్తి, ఊరంతా పీరుల మహిమ అని మొక్కేవాళ్ళు, ఆ ఒత్తి పేనింది మా అమ్మ. గొడ్లు కాసేవాళ్ళు గుట్టలోంచి పచ్చరాయి ముక్కలు తెచ్చి ఇచ్చేవాళ్ళు, రాయి మధ్యలో తెల్లటి చార, గోటితో గీరితే పట్టులాగా పోగులు పోగులుగా వచ్చేది. ఆమె దాన్ని నోట్లో తడి చేసి తొడ మీద పేనేది. నూనె మండేది, ఒత్తి ఉండిపోయేది. రాయికి నార ఎట్లొచ్చిందమ్మా అంటే, నీకు ఆకలి ఎట్లొచ్చిందో అట్ల, పోయి తిను అన్నది. ఆ జవాబు చాలక నేను ఇన్ని ఊళ్ళు తిరిగాను. సర్వే ఉద్యోగంలో చేరాక నన్ను ఎక్కడెక్కడికో పంపారు గాని సెలవు దొరికితే ఈ గుట్టల్లోనే పడేవాణ్ణి, సున్నపురాయిని కింద నుంచి నల్లరాయి కాల్చి పోయిన చోట, ఆ రెండూ కలిసిన అంచు వెంబడి పోతే, ఎండిపోయిన పాపాఘ్ని ఏటికి అవతల, ఓబుల్‌రెడ్డి తండ్రి మేకలకు కూడా పనికిరాదని వదిలేసిన బీడులో, మొలతాడంత మందాన తెల్లచార మెరిసింది. లేవి సమ్మెట కింద పెట్టి, "ఇదేంది సార్, రాయిలో ఎంటికలుండాయి," అన్నాడు. నేను ఏడ్చాను. ఎండకు కళ్ళు మండుతున్నాయని చెప్పాను గాని ఏడ్చాను. ఆ చార మీద రాసిన వ్యాసానికే నాకు లండన్ పిలుపు వచ్చింది, అక్కడి పట్టాతో ఆచార్య పదవి, ఆ పదవి నుంచి ఒక్కో మెట్టే, ఉత్తరాదిన ఒక నవాబు సంస్థానంలో ఉపకులపతి కుర్చీ దాకా. బీడు గని అయింది. మేకలు కాసినవాళ్ళు కూలీలయ్యారు. కరువు సంవత్సరం గంజి కేంద్రానికి పోకుండా బతికిన ఊరు ఇది ఒక్కటే అంటారు, అందులో నా పేరు చెప్పి దండం పెట్టేవాళ్ళూ ఉన్నారు.

లండన్‌లో ఒక ముసలి డాక్టరు నన్ను తన గదికి పిలిచాడు. మీరు ఆ ఖనిజం మనిషట కదా, ఇది చూడండి అని సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టాడు. ఎవరో మిల్లులో వడికిన స్త్రీ ఊపిరితిత్తి, ఉల్లిపొరంత ముక్క. అందులో పసుపుపచ్చని పుల్లలు, రెండు చివర్లా ఉబ్బి, ఒకటి కాదు, చెదిరిన పుల్లల కట్టలాగా. నేను ఏ రాయినైనా గుర్తుపట్టగలనని గొప్పలు పోయేవాణ్ణి, గుర్తుపట్టాను. అది మా గుట్ట. రాతిని వెతుక్కుంటూ పోయేవాడికి ఎదురుగా మనిషి శరీరంలో ఒక చార కనిపించింది. ఈమె వయసెంత అని అడిగాను, ఆయన చెప్పాడు, నా భార్య వయసే. లోపలికి పోయింది మళ్ళీ బయటికి రాదు, కరగదు, కాలదు, మీకు తెలుసు కదా దాని గుణం అన్నాడు. నాకు తెలుసు. తిరిగి వచ్చాక ఓబుల్‌రెడ్డికి చెప్పాను, పైవాళ్ళకు చెప్పాను. నీళ్ళు చల్లిస్తాం అన్నారు. చల్లారు కూడా కొన్నాళ్ళు. ఈ సీమలో తాగడానికే నీళ్ళు లేనప్పుడు దుమ్ముకు ఎన్నాళ్ళు పోస్తారు.

అప్పటికి నేను కుర్చీలోకి వెళ్ళిపోయాను. దాని గురించి ఎవరూ రాయరు గాని అది వింత మార్పు. ప్రయోగశాలలో ఉన్నన్నాళ్ళూ నాకు తెలిసింది చెప్పేవాణ్ణి, తెలియనిది తెలియదనేవాణ్ణి, కుర్చీలోకి వచ్చాక రెండింటికీ కలిపి ఒకే మాట, పరిశీలిస్తాం. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత అలవాటైంది. తర్వాత అదే నా గొంతు అయిపోయింది. నవాబుకు ఒక మాట, దివానుకు ఒక మాట, నినాదాలు చేసే కుర్రాళ్ళకు ఇంకొక మాట, మూడూ నిజంలాగే ఉండాలి. ఈ మధ్య నవాబు రోజూ అడుగుతున్నాడు, తెల్లవాళ్ళు పోతే మనం ఎటు అని, నేను రాళ్ళ మనిషిని హుజూర్, రాళ్ళు ఎటు పోతాయి అంటే నవ్వాడు. బజారులో మాత్రం ఎవరూ నవ్వడం లేదు. మా అల్లుడు ఢిల్లీ నుంచి రాసినప్పుడల్లా ఉత్తరం నిండా రైలు మారే స్టేషన్ల పేర్లూ జాగ్రత్తలూ ఉంటాయి. ఒకరోజు మా బంగళా వెనక వీధిలో పొగ లేచింది, జైనాబు కిటికీలో నిలబడి కడుపు మీద చెయ్యి వేసుకుని చూస్తోంది, ఆ మర్నాడే బయల్దేరదీశాను. వేంపల్లెకు పంపిస్తా తల్లీ, పెద్దనాయన దగ్గర, అక్కడ ఏ గొడవా లేదు, ఎండ ఉంటుంది గాని గాలి మంచిది అన్నాను. గాలి మంచిది. నెల దాటింది వచ్చి. నేను నిన్ననే వచ్చాను. జైనాబు మొహం నిండింది, పెద్దమ్మ చేతి సంగటి పడింది. ఇప్పుడు ఆ గదిలోనే ఉంది పెద్దనాయనతో, తలుపులు మూసి ఉంటాయి గనక అక్కడే చల్లగా ఉంటుందట, రోజంతా అక్కడే కూర్చుని చేతనైనంత దూది పీకుతూ కబుర్లు చెబుతుందట. నవ్వు వినిపిస్తోంది. విల్లు, నవ్వు, దగ్గు, విల్లు.

పొద్దున గడపలోంచి తొంగి చూడబోతే అన్న ఆపాడు. "అబ్బీ, లోపలికి రావాకు. పోయేముందర నీకొగటి సూపిస్తా," అన్నాడు. కళ్ళు మెరిశాయి. చిన్నప్పుడు నాకోసం గాలిపటం చేసి వెనక దాచుకున్నప్పుడు ఇలాగే ఉండేవాడు. నన్ను చదివించడానికి తాను చదువు మానుకున్న మనిషి, ఏం చూపించినా బాగుందనే అంటాను.

చెబితే ఏమవుతుంది. ఆలోచిద్దాం, పాలకసంఘంలో కూర్చున్నట్టే ఆలోచిద్దాం. మన ఊరి పిల్లలు పెద్ద చదువుకు మద్రాసు పోవాలి, పోలేక మానేస్తారు, మానేసి గనిలో దిగుతారు. విశ్వవిద్యాలయం వస్తే దిగరు. అంటే ఆ ఒక్క వాక్యం వల్ల గనిలో దిగేవాళ్ళు తగ్గుతారు, చూశావా, అబద్ధం కూడా మంచి పని చేస్తుంది, ఇలాంటి తర్కానికే నన్ను ఆ కుర్చీలో ఇన్నాళ్ళు ఉంచారు. భవనాలు ఓబుల్‌రెడ్డివి, స్థలం ఓబుల్‌రెడ్డిది, హాస్టలుకు పరుపులు కూడా తానే ఇస్తానన్నాడు, మన దూదేకుల వీధికే పని ఇచ్చాడట, అన్న రాత్రి భోజనాల దగ్గర ఎంత సంతోషంగా చెప్పాడో. మొదటి ఉపకులపతిని నేను. నా బొమ్మ ఒకటి హాల్లో వేలాడదీస్తారు, దూదేకుల ఖాసిం పీరా, ఆ పేరు కింద నిలబడి మా వీధి పిల్లవాడు ఎవడో పైకి చూస్తాడు. చూడాలి. వాడు చూడాలని నాకు ఎంత కోరికో ఎవరికీ చెప్పలేను. మద్రాసులో నా పక్కన కూర్చోవడానికి ఒప్పుకోని వాళ్ళ మొహాలన్నీ ఒక్కొక్కటీ గుర్తున్నాయి నాకు. అదీగాక దుమ్ము ఉన్నది గనిలో. గని గుట్టలో ఉంది. గుట్ట ఊరికి దూరం. సభలో చెప్పిన వాక్యం గుట్ట దాకా పోదు. ఒక్కసారి చెప్పి, తర్వాత కుర్చీలో కూర్చుని అన్నీ సరిచేయవచ్చు, నీళ్ళు పోయించవచ్చు, పరిశీలిస్తాం.

పరుపు మెత్తగా ఉంది. ఇంత మెత్తటి పరుపు మా అతిథి గృహంలో కూడా లేదని నిన్న రాత్రి అన్నకు చెప్పాను, నల్లి కూడా లేదన్నాను, మళ్ళీ అదే నవ్వు నవ్వాడు. తలగడ కింద చెయ్యి పెడితే చల్లగా తగులుతోంది. ఈ ఎండలో దూది తలగడ చల్లగా ఉండడం ఏమిటి, నీడలో ఉండి ఉంటుంది. మిద్దెకు వెలుతురు కోసం పెట్టిన గవాచిలోంచి ఎండ ఒక కర్రలాగా నేల మీదికి దిగింది. అందులో నలుసులు. చిన్నప్పుడు మంచం మీద పడుకుని ఇదే ఆట, గవాచి ఎండలో దూది పోగు ఒకటి పట్టుకుని, అది ఎప్పుడు నేల తాకుతుందో అని కళ్ళార్పకుండా చూడడం. మెల్లగా ఊగుతూ వచ్చి నాపరాయి మీద వాలేది, వాలగానే ఇంకొకటి పట్టుకునేవాణ్ణి. ఇప్పుడూ ఒకటి పట్టుకున్నాను. సన్నగా, సూదిలాగా ఉంది. తిరిగినప్పుడు మెరుస్తోంది. దిగడం లేదు. ఇంకొకటి చూశాను. అదీ దిగడం లేదు. పైకి పోతోంది, పక్కకు పోతోంది, విల్లు మోగినప్పుడల్లా ఆ ఎండకర్ర అంతా ఒక్కసారి కదులుతోంది, మెరుస్తోంది, ఒక్కటీ నేలకు రావడం లేదు. దూది మెరవదు. దూది దిగుతుంది. పొట్టిగా, పొడిగా మోగేది ఏది, నాకు తెలియని దూది ఏది, నల్లి పట్టనిది, చల్లగా ఉండేది, ఊరికే దొరికేది, గని బయట కుప్పలు పోసి ఉన్నది, నిన్న వేపచెట్టు నీడలో కూర్చుని నేను చూసిన తెల్లటి కుప్ప, దూదేకులవాడి చేతికి అందితే వాడు ఏం చేస్తాడు. ఏకుతాడు. నార కనిపిస్తే ఏకుతాడు, వాడికి ఇంకేం తెలుసు, వాడి తాతకు ఇంకేం తెలుసు. నేను మంచం మీదనుంచి లేచాను. లేస్తుంటే పరుపు లోపల్నుంచి నా బరువుకు నిట్టూర్చింది, కుట్ల సందుల్లోంచి సన్నటి పొగ ఎండలోకి పోయింది.

తలుపు తోశాను. ముందు ఏమీ కనిపించలేదు, తర్వాత అంతా తెల్లగా కనిపించింది. గోడలు, దూలాలు, సాలెగూళ్ళు, అన్న గడ్డం, అన్న కనుబొమలు. విల్లు పైకప్పునుంచి వేలాడుతోంది. మూల జైనాబు కాళ్ళు చాపుకుని గోడకు ఆనుకుని కూర్చుంది, ఒళ్ళో పొట్ట మీద తెల్లటి కుప్ప, రెండు చేతులా పీకుతోంది, పోగు గట్టిగా ఉంటే పంటితో తెంపుతోంది.

"అప్పుడే వచ్చినావా, ఇంగ దాచేదేముండాది," అన్నాడు అన్న. గుప్పెడు తీసి నా మొహం ముందు పట్టుకున్నాడు. "ఇది నీ రాయప్పా. నీ రాయే. గని కాడ పారబోస్తాండారు, ఈ చేతులు ఊరికుంటాయా. మొదట తీగకు నిలబడల్యా, సగం పత్తి కలిపితే నిలబడింది. నల్లి సేరదు, నిప్పంటదు. వీధి వీధంతా ఇదే ఏకుతాండారు ఇప్పుడు. నీ హాస్టలు పరుపులన్నీ ఇవే." దగ్గు వచ్చింది, గోడ పట్టుకున్నాడు, తగ్గాక మళ్ళీ నవ్వాడు. "ఎట్లుండాది?"

బాగుందని చెప్పాలని కదా అనుకున్నాను.

"నాయనా, ఏంది అట్ల జూస్తాండావు?" జైనాబు అడిగింది. నెలరోజుల్లోనే ఈ ఊరి మాట పట్టేసింది. నా మొహంలో ఏం చూసిందో, పీకడం ఆపింది, చేతిలోది మెల్లగా కింద పెట్టింది. "దీంతో ఏం కాదు గదా?"

సభలో చెప్పవలసిన వాక్యం అది. అదే మాట, అదే వరస, ప్రశ్నగా తిప్పి నా ముందు పెట్టింది. నా కూతురు నన్ను ఎప్పుడూ నమ్మింది, నేను గాలి మంచిదంటే ఇంత దూరం వచ్చింది, ఇప్పుడు ఏం కాదు తల్లీ అంటే మళ్ళీ ఆ కుప్పను ఒళ్ళోకి తీసుకుంటుంది. అన్న జవాబు చెప్పేశాడు నా బదులు, "మీ నాయన కనిపెట్టిన రాయి, ఏం జేస్తాదమ్మా మనల్ని."

"బయటికి రా," అన్నాను. గొంతు నాది కాదు. "లేచి బయటికి రా జైనాబూ. అన్నా, ఆపు. ఇంక ఏకొద్దు. లోపలికి పోతే బయటికి రాదన్నా అది. లేవి దాంతోనే పోయినాడు."

అన్న గుప్పిట తెరిచి అందులో ఉన్నదాన్ని చూశాడు. జైనాబు గోడ పట్టుకుని, పొట్ట కింద చెయ్యి వేసుకుని కష్టంగా లేచింది, నేను చెయ్యి అందించబోయే లోపు నా పక్కనుంచి వచ్చి గడప మీద నిలబడింది, నిలబడి, చిన్నప్పట్నుంచీ నేను నేర్పినట్టే, నానమ్మ ఇంట్లో ఎవరూ తప్పనట్టే, కొంగు విప్పి రెండు చేతులా పట్టుకుని గట్టిగా దులిపింది.

"వద్దు," అన్నాను.

రెండోసారి కూడా దులిపింది. అలవాటు మాట వినదు. పడసాల గాలి ఎదురు కొట్టింది, ఎండకర్ర తెల్లబడి కనిపించకుండా పోయింది, నా మొహం మీద, అన్న మొహం మీద, ఆమె మొహం మీద, ఎత్తుగా ఉన్న ఆమె పొట్ట మీద మెరుస్తూ తిరిగింది. జైనాబు కొంగు పట్టుకునే ఆగిపోయి నా వైపు చూసింది. తర్వాత ఒక్కసారి, చిన్నగా, గొంతు సవరించుకున్నట్టు దగ్గింది. దుమ్ము తగిలితే ఎవరికైనా వచ్చే దగ్గే అది. అదే అయి ఉంటుంది.

వదిన పీరమ్మ వంటింట్లోంచి వచ్చింది. "తల మీంచి నీళ్ళు పోయించు వదినా, ఇప్పుడే, బట్టలు నీళ్ళలో ముంచెయ్," అన్నాను. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. "తల మీదికి పోసేటన్ని నీల్లు యాడుండాయప్పా," అన్నది, అంటూనే ఉన్న ఒక్క కడవా తేవడానికి పోయింది. అన్న విల్లుకు చెయ్యి ఆనించి తీగ మోత ఆపుతున్నాడు, అది ఎప్పుడో ఆగిపోయింది, అయినా ఆపుతున్నాడు. "అంటే మా ఊపిరిలో..." అన్నాడు. మిగతాది అడగలేదు. నన్ను చదివించిన మనిషికి నేను చెప్పవలసిన జవాబు అది, నాకు ఏడుపొచ్చింది, ఈసారి ఎండ అని చెప్పడానికి కూడా లేదు.

వీధిలో కారు హారన్ మోగింది.

కొయ్యకు తగిలించిన నల్లకోటు తెల్లగా అయింది. తీసుకుని తొడుక్కున్నాను. విశ్వవిద్యాలయం రాదు. ఇవాళ సాయంత్రం నేను నోరు తెరవగానే ఓబుల్‌రెడ్డి కుర్చీలోంచి లేస్తాడు, వచ్చిన పెద్దలు లేస్తారు, హాల్లో బొమ్మ ఉండదు, కింద నిలబడి పైకి చూసే పిల్లవాడు ఉండడు. గని మూతపడితే ఈ ఊరు నన్ను తిట్టిపోస్తుంది, మా వాకిట్లో దండం పెట్టినవాళ్ళే మన్ను పోస్తారు. నాకు భయంగా ఉంది. గడప దగ్గర ఒక్క క్షణం ఆగాను, చేతులు వాటంతట అవే కోటు మీదికి పోయాయి, వెనక్కి తీసుకున్నాను. "దులుపుకోకుండానే పోతాండావా అబ్బీ," అన్నాడు అన్న వెనకనుంచి, మెల్లగా.

"ఇట్లనే పోతా అన్నా. వాళ్ళు చూడల్ల."

వీధిలో ఎండ కొట్టినట్టు మొహాన తగిలింది. ఎదురింట్లో విల్లు మోగుతోంది. దాని పక్కింట్లో మోగుతోంది. వీధి చివరిదాకా, మూసిన తలుపుల వెనక, పొట్టిగా, పొడిగా, అదే మోత, హాస్టలు పరుపులు. డ్రైవరు మద్దిలేటి కారు తలుపు తీసి పట్టుకుని నా కోటు చూశాడు, భుజం మీది తుండుగుడ్డ తీసి తుడవడానికి ముందుకు వచ్చాడు.

"ఉండండి సార్, దూది."

"తుడవొద్దు మద్దిలేటీ. ముట్టుకోవద్దు," అన్నాను. "అది దూది కాదు."

మద్దిలేటి నవ్వాడు, నేను ఏదో కొత్త సంగతి చెబుతున్నట్టు అన్నాను కదా, అందుకు నవ్వాడు.

"నాకు తెల్దా సార్," అన్నాడు. "మా పిల్లోల్ల పరుపులోనూ అదే పోసినాం. శానా బాగా నిద్రపోతాండారు."